ఆవ్రిల్ కిటికీ

మే 6, సోమవారం

పడమటి గాలి. వాన 11 మిల్లీమీటర్లు. ఆవ్రిల్ మాటలు 23.

పాత పుస్తకం నిన్నటితో నిండింది. ముప్పై ఏళ్ళుగా రాసుకుంటున్నవి మూడే: గాలి, వాన, చేసిన పని. పోయినేడు మార్చి నుంచి నాలుగోది చేరింది. నా భార్య ఆవ్రిల్ ఆ రోజు ఎన్ని మాటలు మాట్లాడిందో.

పక్షవాతం తర్వాత కాలూ చెయ్యీ తిరిగి వచ్చాయి. మాట మాత్రం తలుపు దగ్గరే నిలబడిపోయింది. ఇరవై రెండేళ్ళు ఈ దీవిలో బడి బస్సు నడిపిన మనిషి. వెనక వరసలో ఎవడు ఎవడి టోపీ లాక్కున్నాడో అద్దంలోనే చూసి, పేరు పెట్టి కేక వేసేది. ఆ కేకకు రోడ్డు పక్కన గెంతే వాలబీలు, ఆ చిన్న కంగారూలు కూడా ఆగేవని నా స్నేహితుడు క్లారీ అంటాడు. ఇంట్లో మాటలన్నీ ఆమే మాట్లాడేది. నా వంతు కూడా.

ఇవాళ పని: బ్రౌజర్ తయారుచేసే వాళ్ళ ప్రకటన చదివాను. నా ప్రోగ్రాము స్లీపౌట్ వాళ్ళ దాంట్లోని ఒక భాగం మీద ఆనుకుని నిలబడింది. జూన్ ముప్పైన ఆ భాగాన్ని తీసేస్తారట. వాళ్ళని అనడానికేం లేదు. వాళ్ళ ఇల్లు, వాళ్ళ దూలం. నేను ఆనించుకున్నాను, అంతే.

జూన్ ముప్పై తర్వాత స్లీపౌట్ తెరుచుకోదు. అందులో మాటల సాధనకు కట్టిన ఆవ్రిల్ కిటికీ కూడా తెరుచుకోదు. వేరే దూలం మీద మళ్ళీ కట్టాలి. ఎనిమిది వారాలు ఉన్నాయి.

మే 7, మంగళవారం

పడమటి గాలి. వాన 4. మాటలు 19.

ఉదయం 5:40కి ఆవ్రిల్ కిటికీ తెరిచి చూశాను. పని చేస్తోంది. స్పీకరు పరీక్షకు అందులో దాచిన 212వ రికార్డు వేశాను. బాగా వినిపించింది.

మే 8, బుధవారం

నైరుతి గాలి. వాన లేదు. మాటలు 26.

5:40కి తెరిచి చూశాను. పని చేస్తోంది. 340. స్పీకరు బాగుంది.

కొత్త వెర్షన్ పేజీలో పెట్టడానికి పరిచయం రాశాను. పదకొండేళ్ళుగా వాయిదా వేసిన పని. ఇలా వచ్చింది:

“వరండా చివర పలకలు కొట్టి, ఒక మంచం పట్టేంత గది చేసుకుంటాం ఇక్కడ. దాన్ని స్లీపౌట్ అంటాం. ఈ ప్రోగ్రాము అలాంటిదే. మీరు రోజూ వాడే వెబ్‌సైటుకు ఒక గది కడుతుంది. డెస్క్‌టాప్ మీద ఒక బొమ్మ ఉంటుంది. నొక్కితే ఆ ఒక్క కిటికీ తెరుచుకుంటుంది. పైన చిరునామా పట్టీ ఉండదు, పక్కన ట్యాబులు ఉండవు, దారి తప్పే సందులు ఉండవు. ప్రతి గదికీ దాని అలమర దానిదే, ఒక గది సామాను ఇంకో గదికి కనపడదు. గది వద్దనుకుంటే తీసేయండి, వచ్చిన జాడ లేకుండా ఊడ్చి వెళ్తుంది. ఉచితం. ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు.”

ఊడ్చి వెళ్ళడం గురించి ఇంకో వాక్యం రాసి కొట్టేశాను. గొప్ప చెప్పుకున్నట్టుంది. కానీ అది నిజం. పద్దెనిమిదేళ్ళప్పుడు నాకు పని నేర్పిన ముసలాయన, ఫ్రిజ్ బాగుచేసినా యాంటెన్నా కట్టినా, చివర్లో చీపురు అడిగి తీసుకుని ఊడ్చేవాడు. తీగ ముక్కలు కూడా జేబులో వేసుకునేవాడు. ‘మనం వచ్చి వెళ్ళినట్టు ఇంటికి తెలియకూడదు’ అనేవాడు. నేను ఆ మాటనే ప్రోగ్రాములో పెట్టాను. మామూలుగా చెరిపితే తెలిసినవాడు మళ్ళీ తవ్వి తీయగలడు. నాది చెరిపి, దాని మీద సున్నాలు రాసి, మళ్ళీ చెరుపుతుంది. ఎవరూ తవ్వలేరు.

మే 9, గురువారం

గాలి తగ్గింది. వాన 2. మాటలు 41. గురువారాలు ఎక్కువ ఉంటాయి, రోవెనా వస్తుంది కాబట్టి.

వస్తుందంటే తెర మీదకి. రోవెనా మెల్‌బోర్న్‌లో మాట నేర్పే అమ్మాయి. ఆవ్రిల్ రోజూ పదకొండు గంటలకు చేసే సాధన పేజీ వాళ్ళదే. పేజీ ఒక బొమ్మ చూపిస్తుంది, ఆవ్రిల్ దాని పేరు చెబుతుంది, పేజీ ఆ గొంతు దాచుకుంటుంది. రోగుల గొంతులు తమ దగ్గర ఉండకూడదని నియమం, అందుకని వాళ్ళ దగ్గర పెట్టుకోరు. మా కంప్యూటరులోనే, ఆ కిటికీ అలమరలోనే ఉంటాయి. ఇప్పటికి 1,904.

మామూలు బ్రౌజర్‌లో అయితే ఆవ్రిల్ రెండు నిమిషాల్లో తప్పిపోయేది. ఏదో నొక్కేది, ఇంకేదో తెరుచుకునేది, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. స్లీపౌట్‌లో ఒక గది కట్టి, బొమ్మకు కప్పు గీసి, కింద ‘ఆవ్రిల్’ అని రాశాను. మర్నాటి నుంచి తనే వెళ్ళి కూర్చుంటోంది.

రోవెనా ఇవాళ చివర్లో నన్ను పిలిచింది.

“లిండ్సే గారూ, ఆవిడ బాగా చేస్తున్నారు. మీరు ఎలా చేస్తున్నారు?”

“నేనేం చెయ్యాలి?”

“మాట్లాడాలి. ఇంట్లో ఆవిడతో రోజుకు ఎన్ని వాక్యాలు మాట్లాడతారు?”

“మాట్లాడుతూనే ఉంటాను.”

ఆవ్రిల్ నవ్వింది. రోవెనా దాన్ని రాసుకుంది.

మే 12, ఆదివారం

ఉత్తరపు గాలి. వాన లేదు. మాటలు 30.

క్లారీ వచ్చాడు. రాతిరొయ్య ఒకటి తడి గోనెలో చుట్టి తెచ్చాడు. నా కన్నా మూడేళ్ళు పెద్ద, ఇంకా పడవ మీద వెళ్తాడు. స్లీపౌట్ వాడే మొదటి మనిషి వాడే, వాతావరణం పేజీ కోసం.

“ఏరా లిన్, జూన్ తర్వాత నా గాలి పేజీ తెరుచుకోదంటగా! చెప్పకుండా ఎక్కడికి పారిపోదామని?”

“కొత్తది చేస్తున్నాను.”

“ఎప్పటికి?”

“అయినప్పటికి.”

“చూశావా ఆవ్రిలమ్మాయ్, వీడి దగ్గర మాట రాబట్టడం కన్నా బండ కింద రొయ్యని చేత్తో లాగడం తేలిక. లోకమంతటికీ ఊరికే ప్రోగ్రాము పంచిపెడతాడు, మాట మాత్రం దాచుకుంటాడు.”

ఆవ్రిల్ బల్ల మీద చెయ్యి కొట్టి, “నిజం. నిజం. నిజం,” అంది. మూడుగా లెక్కపెట్టాలా ఒకటిగానా అని ఆలోచించి, మూడుగానే వేశాను.

మే 13, సోమవారం

5:40. 212. స్పీకరు బాగుంది.

మే 19, ఆదివారం

పడమటి గాలి, చాలా గట్టిగా. వాన 16. మాటలు 22.

రాత్రి తుఫానుకు సముద్రపు నాచు ఒడ్డుకు బాగా కొట్టుకొచ్చింది. పొద్దుటి నుంచి నాచు ఏరి అమ్మేవాళ్ళ లారీలు ఇంటి ముందు నుంచి పోతున్నాయి, వెనక తోలు పట్టీల్లా నాచు ఈడ్చుకుంటూ. ఇల్లంతా ఆ వాసన.

కొత్త దూలం మీద స్లీపౌట్ నిలబడింది. పాత గదిలోని అలమరను కొత్త గదికి మోసుకెళ్ళి, తర్వాత పాత గదిని ఊడ్చేసే మెట్టు రాశాను. ‘పరీక్ష ఒకటి’ అనే పాత గదిని ‘పరీక్ష రెండు’ అనే కొత్త గదికి మార్చి చూశాను. ఇరవై సార్లు. ఇరవై సార్లూ సామాను చెక్కుచెదరకుండా వచ్చింది, పాత గది జాడ లేకుండా పోయింది.

మే 23, గురువారం

గాలి పడమర. వాన 6. మాటలు 44.

మూడో వెర్షన్ విడుదల చేశాను. అయిదు వారాల ముందే అయింది. సాయంత్రానికి 41 మంది తీసుకున్నారు. టోంగా నుంచి తానియేలా కూడా. అక్కడి వవాఊ దీవిలో బడి పంతులు, ఆరేళ్ళుగా ఉత్తరాలు రాస్తాడు. ‘మీ కొత్త గది కోసం ఎదురుచూస్తున్నాం, కృతజ్ఞతలు’ అని ముందే రాసి పెట్టాడు.

రేపు ఆవ్రిల్ కంప్యూటరులో మారుస్తాను.

మే 24, శుక్రవారం

గాలి పడమర. వాన 9. మాటలు

ఉదయం పదింటికి ఆవ్రిల్ కిటికీ కొత్త వెర్షన్‌కు మార్చాను. సామాను మోసింది. పాతది ఊడ్చింది. బొమ్మ నొక్కాను.

‘స్వాగతం. మొదటి బొమ్మతో మొదలుపెడదామా?’ అని వచ్చింది.

మూసి మళ్ళీ తెరిచాను. స్వాగతం.

నేను ఊడ్చేది గది పేరును బట్టి. పరీక్షల్లో నా గదుల పేర్లు ఒకటి, రెండు. ఎవరి ఇంట్లోనూ అలా ఉండదు. పాత గది పేరే కొత్త గదికీ పెడతారు. ఆ పేరున్నదాన్ని ఊడ్చమంటే చీపురు రెండు గదులూ ఊడ్చింది. సున్నాలు కూడా రాసింది. నేను రాసింది రాసినట్టే చేసింది.

1,968 రికార్డులు.

ఇంకో కాపీ లేదు. ఇంకో కాపీ ఉంచుకోలేదని ఈ దీవిలో సగం మందిని తిట్టినవాణ్ణి నేనే.

పదకొండింటికి ఆవ్రిల్ వచ్చి కూర్చుంది. మొదటి బొమ్మ వచ్చింది. కప్పు. ఏడాది కిందట దాటేసిన బొమ్మ. నా వైపు తిరిగింది.

“పేజీ వాళ్ళు ఏదో మార్చినట్టున్నారు,” అన్నాను.

ఆమె తెర వైపు తిరిగి, “కప్పు,” అంది. ఒక్కసారికే, స్పష్టంగా. మంచి అభివృద్ధి.

మే 25, శనివారం

వాన 3. ఆమె అడగలేదు. సాధన చేసుకుంది. సాధన ఎలాగూ జరుగుతోంది. పాతవి ఎవరు వింటారు?

మే 26, ఆదివారం

5:40కి లేచాను. కిటికీ తెరవలేదు. స్పీకరు బాగానే ఉంది, రోజూ పరీక్షించక్కర్లేదు.

మే 27, సోమవారం

గాలి తిరిగింది, తూర్పు. వాన లేదు. మాటలు 17.

మూడో వెర్షన్ వెనక్కి తీసుకోవాలి. తీసుకుంటే ఎందుకో రాయాలి. రేపు రాస్తాను. ఈపాటికి తీసుకున్నవాళ్ళు 63.

మే 28, మంగళవారం

తూర్పు గాలి. వాన లేదు. మాటలు 20.

తానియేలా ఉత్తరం. ఉన్నదున్నట్టు ఎక్కించుకుంటున్నాను.

“లిండ్సే గారికి నమస్కారం. మీరు బాగున్నారని, ఆవ్రిల్ గారికి మాటలు వస్తున్నాయని ఆశిస్తున్నాను. చిన్న విషయం. నిన్న మా అమ్మ గదిని కొత్తదానికి మార్చాను. అమ్మ తన చాపల గురించి చెబుతుంటే నేను ఒక నోట్‌బుక్ పేజీలో రాసి పెట్టేవాణ్ణి. ఏ చాప ఎవరు అల్లారు, ఎవరి పెళ్ళిలో పరిచారు, ఎవరి శవం కింద వేశారు, మళ్ళీ ఎవరింటికి వెళ్ళింది. మూడేళ్ళ రాత. ఇప్పుడు ఖాళీగా కనబడుతోంది. తప్పు నాదే అయి ఉంటుంది, ఏదో సరిగ్గా నొక్కి ఉండను. వీలున్నప్పుడు చెప్పగలరు.”

తప్పు నాదే అయి ఉంటుందట.

నిన్న మార్చాడు. నేను శుక్రవారమే రాసి ఉంటే మార్చేవాడు కాదు.

మే 29, బుధవారం

ఉదయం ఆరింటికే మూడో వెర్షన్ తీసేశాను. పేజీ పైన పెద్ద అక్షరాలతో పెట్టాను:

“మూడో వెర్షన్ వాడవద్దు. పాత గదిని మార్చేటప్పుడు మీరు దాచుకున్నవన్నీ చెరిపేస్తుంది. తిరిగి తీయడం కుదరదు. తప్పు నాది, ఇంకెవరిదీ కాదు. ఈ సంగతి నాకు శుక్రవారమే తెలుసు. అయిదు రోజులు చెప్పలేదు. దానికి కారణం లేదు. లిండ్సే.”

ఉత్తరాల చిరునామాలు తెలిసిన వాళ్ళందరికీ విడివిడిగా రాశాను. తానియేలాకు చివర రాశాను. ‘మీరు సరిగ్గానే నొక్కారు’ అని మొదలుపెట్టాను. ఆవ్రిల్ గొంతు కూడా అలాగే పోయిందని చివర్లో రాశాను.

క్లారీకి ఫోను చేశాను. వాడు ఇంకా మార్చలేదు. “నేనేది వెంటనే చేశాను గనక?” అన్నాడు. తర్వాత, “ఆవ్రిల్‌ది?” అన్నాడు.

“పోయింది.”

అవతల రేడియో కట్టేసిన చప్పుడు వినిపించింది.

“దానికి చెప్పావా?”

“చెబుతాను.”

మే 30, గురువారం

పడమటి గాలి. వాన 12. మాటలు 38.

రోవెనా, “ఇదేంటి, మళ్ళీ మొదటి పాఠంలో ఉన్నారు?” అంది.

“మెషీన్ సర్దుతున్నాను,” అన్నాను.

ఆవ్రిల్ తెర వైపు చూడలేదు. నన్నే చూస్తూ కూర్చుంది. బస్సు అద్దంలో ఇలాగే చూసేదేమో.

జూన్ 2, ఆదివారం

ఊడ్చే మెట్టు తిరగ రాస్తున్నాను. గది పేరును బట్టి కాదు, గది పుట్టినప్పుడు ఇచ్చిన సంఖ్యను బట్టి. సున్నాలు రాయడం తీసేశాను. పద్దెనిమిదేళ్ళ వయసులో నేర్చుకున్నది తీసేయడానికి ఒక పూట పట్టింది, మూడు వరసలే అయినా.

మాటలు 21.

జూన్ 6, గురువారం

పడమటి గాలి. వాన 5. మాటలు 36.

తానియేలా జవాబు.

“మీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. ముందు అల్లుతున్న చాప పక్కన పెట్టింది. తర్వాత ‘ఆయన భార్య గొంతు కూడా అందులోనే పోయిందా?’ అని అడిగింది. అవునన్నాను. ‘అయితే ఆయనకి కోపంగా రాయకు’ అంది. నేను రాసేవాణ్ణి, నిజం చెప్పాలంటే. నిన్నటి నుంచి అమ్మ మళ్ళీ మొదటి చాప నుంచి చెబుతోంది. ఈసారి చర్చి ఆడవాళ్ళు నలుగురు పక్కన కూర్చుని సరిదిద్దుతున్నారు. మొదటిసారి చెప్పని సంగతులు వస్తున్నాయి. మా మేనత్త పెళ్ళి చాప మీద ఎవరో పంది కూర ఒలకబోశారట, అదెవరో ఇన్నాళ్ళకు తెలిసింది. మా అమ్మే. ఈసారి కాగితం మీద కూడా రాస్తున్నాను.”

మూడు సార్లు చదివాను. ఆవ్రిల్‌కు చదివి వినిపించవచ్చు అనుకున్నాను. వినిపిస్తే, ఎవరి గొంతు అని అడుగుతుంది.

రోవెనాతో ఇవాళ ఎక్కువ మాట్లాడలేదు. బయట గొడ్డళ్ళకు పిడులు బిగించాను. ఒకటి బాగానే ఉన్నదాన్ని కూడా విప్పి బిగించాను.

జూన్ 8, శనివారం

గాలి పడమర. వాన 7. మాటలు, కింద.

కొత్త వెర్షన్‌లో ఒక పెట్టె పెట్టాలి. గది తీసేసే ముందు మనిషిని అడగాలి. నేను ఇలా రాశాను: ‘ఈ అనువర్తనపు స్థానిక నిల్వలో వాడుకరి దత్తాంశాలు గుర్తించబడ్డాయి. తొలగింపు ప్రక్రియను కొనసాగించినచో సదరు దత్తాంశాలు శాశ్వతంగా కోల్పోబడును. కొనసాగించవలెనా?’

వంటగదిలో ఆవ్రిల్ టీలోకి స్కోన్ రొట్టెల పిండి కలుపుతోంది. ఇది ఆమెకు అర్థమైతే ఎవరికైనా అర్థమవుతుంది అనుకుని, ల్యాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టాను. అంత వరకే అనుకున్నాను. వేరే ఉద్దేశం లేదు.

ఆమె వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. మొదటి వరసలో ‘గుర్తించబడ్డాయి’ దగ్గరికి వచ్చేసరికి నా మొహం చూసింది.

“పెద్దది,” అంది. “పెద్ద... పెద్దది.”

“అవును. తగ్గించాలి. చదివితే ఏం తెలుస్తోంది?”

చివర దాకా చదివింది. ‘కోల్పోబడును’ మీద పిండి మరక పడింది. వేలు అక్కడే ఉంచింది.

“ఎవరిది?”

“ఏమిటి?”

“పోయింది. ఎవరిది?”

అప్పుడు చెప్పాను. నీది అన్నాను. పేజీ వాళ్ళు ఏమీ మార్చలేదు, నేను చెరిపాను అన్నాను. పేర్ల సంగతి, చీపురు సంగతి, అయిదు రోజులు దాచిన సంగతి, తానియేలా తల్లి చాపల సంగతి చెప్పాను. రోవెనాకు కూడా అబద్ధం చెప్పానన్నాను. మొదటి రోజు నుంచి ఉన్నవన్నీ పోయాయన్నాను. తర్వాత గుర్తు చేసుకుని లెక్కపెట్టాను, ముప్పై ఒక్క వాక్యాలు. పెళ్ళి అడిగిన రోజు కూడా నాలుగే.

ఆమె పిండి చేతులు తుడుచుకుంది. మెల్లగా, ఒక్కో వేలు.

“తెలుసు.”

“ఎలా తెలుసు?”

పడకగది గోడ వైపు చూపించింది. దానికి ఇవతలే కంప్యూటరు ఉంటుంది.

“పొద్దున. గోడ. నేను.” ఆగింది. మాట కోసం కళ్ళు మూసుకుంది. నేను అందించలేదు. అందించకూడదని రోవెనా చెప్పింది. “నువ్వు... నన్ను... వింటావు. రోజూ.”

స్పీకరు పరీక్ష అనబోయాను. అనలేదు.

“తర్వాత... నేను లేను. గోడలో.” రెండు చేతులూ తెరిచి చూపించింది, ఖాళీ అన్నట్టు. “పోయింది. తెలుసు.”

రెండు వారాలుగా తెలుసు. నేను చెబుతానని రెండు వారాలు చూసింది.

“నీ కష్టమంతా చెరిపేశాను, ఆవ్రిల్. పద్నాలుగు నెలలు.”

“థూ!” అంది. ఆ ఒక్క మాట ఎప్పుడూ పోలేదు ఆమెకి. “అవి... నాకు... ఏడుపు. అసహ్యం. మంగళవారం, మంగళవారం!”

మొదటి నెలలో ఆమెకు వచ్చిన మాట అదొక్కటే. కప్పు చూపిస్తే మంగళవారం. కుక్క చూపిస్తే మంగళవారం. నా ఫోటో చూపించినా మంగళవారం. ఎందుకు ఆ మాటే మిగిలిందో డాక్టర్లకూ తెలియదు. 212లో మొదటిసారి ‘టీ’ అంది. 340లో నా ఫోటో చూసి ‘లిన్’ అంది. ఆమె ఎప్పుడూ వినలేదట వాటిని. ఒక్కసారి కూడా. విన్నది నేనే.

“నేను,” అని తన రొమ్ము మీద పిండి చెయ్యి పెట్టుకుంది. గౌను మీద అయిదు వేళ్ళూ పడ్డాయి. “ఇక్కడ. పెట్టెలో కాదు. అడుగు.”

“ఏం అడగను?”

“అడుగు!” బస్సు గొంతు. పక్కింటి కోళ్ళు చప్పుడు చేశాయి.

ల్యాప్‌టాప్ చూపించి, “ఇక్కడ ఏం రాయను?” అని అడిగాను.

ఆమె చాలా సేపు ఆలోచించింది. పొయ్యి వేడెక్కింది, స్కోన్లు లోపల పెట్టింది, వచ్చి కూర్చుంది. అప్పుడు చెప్పింది.

“మీవి... ఉన్నాయి. ఉంచనా?”

మాటలు రాయలేదు ఇవాళ. మధ్యలో లెక్క తప్పాను.

జూన్ 9, ఆదివారం

5:40కి లేచాను. టీ పెట్టి తీసుకెళ్ళాను. ఏం అడగాలో తెలియలేదు. చలిగా ఉందా అని అడిగాను. “ఊఁ,” అంది. ఇద్దరం టీ తాగాం.

జూన్ 11, మంగళవారం

నిద్ర పట్టిందా అని అడిగాను. పట్టిందట.

జూన్ 13, గురువారం

పడమటి గాలి. వాన 10.

రోవెనాకు నిజం చెప్పాను. “రికార్డులు పోతే పోయాయి, మీరు ఇవాళ నాతో ఎనిమిది వాక్యాలు మాట్లాడారు,” అంది. ఆవ్రిల్ వేళ్ళతో తొమ్మిది చూపించింది.

జూన్ 14, శుక్రవారం

గాలి నైరుతి. వాన 2.

3.1 విడుదల. ముందు నా సొంత గదులు, తర్వాత ఆవ్రిల్‌ది, తర్వాత క్లారీ ఇంటికి వెళ్ళి వాడిది మార్చాకే బయట పెట్టాను. అన్నీ పాత పేర్లతోనే. ఒక్కటీ పోలేదు.

క్లారీ చేత పెట్టె కూడా పరీక్ష చేయించాను. ‘మీవి ఉన్నాయి. ఉంచనా?’ అని వచ్చింది. కింద రెండు బొత్తాలు, ‘ఉంచు’, ‘తీసెయ్’. వాడు కళ్ళద్దాలు పైకి తోసుకుని చూశాడు.

“ఒరేయ్, ఇది నువ్వు రాసింది కాదు.”

“కాదు.”

“అనుకున్నా. నువ్వయితే ఉంచనా అని అడుగుతావా? ఉంచేసి ఊరుకుంటావు.” తర్వాత ‘ఉంచు’ నొక్కాడు. మళ్ళీ తెరిచి మళ్ళీ నొక్కాడు. “బావుందిరా ఇది. మా ఆవిడ అడిగినట్టుంది.” వాళ్ళావిడ పోయి ఆరేళ్ళు.

తానియేలాకు పంపాను. తన గది ఖాళీదే అయినా మళ్ళీ మార్చుకున్నాడు. అమ్మ పదిహేడో చాపలో ఉందట.

జూన్ 16, ఆదివారం

5:40. టీ తీసుకెళ్ళాను. ఆవ్రిల్ దిళ్ళకు ఆనుకుని కూర్చుని ఉంది. కిటికీ బయట ఇంకా చీకటి, నాచు లారీ ఒకటి పోయింది.

ఈ వారమంతా అడిగినవి చలి, నిద్ర, కాలు నొప్పి. అవి అడగడం కాదని నాకూ తెలుసు. ఇవాళ కప్పు చేతికివ్వకుండా ఆమె ముందు పట్టుకున్నాను, సాధన పేజీ చూపించినట్టు.

“ఇదేంటి?” అన్నాను.

ఆమె కప్పు చూసింది. నన్ను చూసింది. నోరు తెరిచి మూసింది. మళ్ళీ తెరిచింది.

“మంగళవారం.”

పక్షవాతం మళ్ళీ వచ్చిందనుకున్నాను. ఫోను ఎక్కడ పెట్టానో, ఆసుపత్రికి వెళ్ళే విమానం ఎన్ని గంటలకో, అన్నీ ఒక్కసారే తోచాయి. ఆమె ముఖం వైపు వంగి చూశాను. ఒక పక్కకు జారిందేమో చూడమని డాక్టరు చెప్పాడు.

జారలేదు. పెదవి కొస బిగబట్టుకుని ఉంది. కళ్ళు మెరుస్తున్నాయి. నేను చూశానని చూసింది, ఇక ఆపుకోలేకపోయింది. మంచమంతా కదిలేలా నవ్వింది. టీ దుప్పటి మీద ఒలికింది.

“ఇవాళ ఆదివారం, ఆవ్రిల్,” అన్నాను.

“మం-గ-ళ-వా-రం!” అని బస్సు చివరి సీటు దాకా వినిపించేలా అరిచింది. కప్పు లాక్కుని, మిగిలిన టీ తాగి, “చక్కెర... తక్కువ,” అంది. “వెధవా.”

దుప్పటి మార్చాం. ఇంకో టీ పెట్టాను. ఇంకేమేమి అడిగానో అన్నీ గుర్తు లేవు. ఎనిమిదింటి దాకా అడుగుతూనే ఉన్నాను.

వాన కొలిచే గాజు గొట్టం ఖాళీ చేయడం మర్చిపోయాను. రేపటి లెక్కలో ఇవాళ్టి వాన కలిసిపోతుంది. కలవనీ.